ఎవరూ కాఫీ తాగని కప్పు

"గార పనా సార్ మీది?"

ఎదురు సీట్లో ఆయన నా గోళ్లవైపు చూస్తూ అడిగాడు. మారికుప్పం పోయే రైలు అప్పుడే వైట్‌ఫీల్డ్ దాటింది. ముందురోజు సాయంత్రం పాత టూత్‌బ్రష్షు పెట్టి తోమినా గోళ్ల సందుల్లో మట్టి పోలేదు. గార పని కాదండీ, కుండలు చేయడం నేర్చుకుంటున్నాను అన్నాను.

"ఎవురు నేర్పిస్తా ఉండారు?"

బెంగుళూరులో ఒక స్టూడియో, ఆరు శనివారాల కోర్సు అని చెప్పాను.

"దుడ్డు ఇస్తారా, తీసుకుంటారా?"

తీసుకుంటారన్నాను. ఎంతో కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఊరుకుని, "మా తాత ఊరికే నేర్పిస్తాననె సార్. మేమే పారిపోతిమి" అన్నాడు.

ఆయనది బంగారపేట దగ్గర పల్లె. తను ఫ్యాక్టరీలో చేరిపోయాడు గానీ అన్నావదినలు ఇంకా కుండలు చేస్తూనే ఉన్నారట. మధ్యాహ్నం రమ్మని దారి చెప్పాడు. ఫోన్ నంబరు రాసిస్తూ, "మీరు కట్టిన దుడ్డు సంగతి మాత్రం మా వదినకు చెప్పొద్దండి. ఆయమ్మకు నిద్ర పట్టదు" అన్నాడు.

నాకూ కొన్నాళ్లుగా సరిగ్గా పట్టడం లేదు. కళ్లు మూస్తే సారె తిరుగుతోంది. మొదటి శనివారం దాన్ని తాకనివ్వనే లేదు. రెండు గంటలసేపు మన్ను పిసకడమే. చపాతీ పిండి కలిపిన చేతులు కదా, ఇదెంత అనుకున్నాను. అదే తప్పయింది. పిండిని మడిచి మడిచి నొక్కుతాం, మడత మడతకీ లోపల గాలి చిక్కుతుంది. మట్టిలో ఆ గాలి ఉంటే సారెమీద గోడ ఎక్కడో ఒకచోట ఎగుడుదిగుడై చెయ్యి జారుతుంది. ముద్దని మడవకుండా, అరచేతి మడమతో ముందుకి తోసి, కొంచెం తిప్పి, మళ్లీ తోయాలి. సరిగ్గా చేస్తే ముద్ద పొట్టేలు తలలా రెండు కొమ్ములు వేసుకుని కూచుంటుంది. నాది చాలాసేపు పొట్టేలులా కాదు, పొట్లంలా ఉండిపోయింది. రెండో వారం బొటనవేలు గుచ్చి గిల్లుతూ గిన్నె చేయడం, మట్టి తాళ్లు చుట్టి గోడ కట్టడం. మూడో వారం సారె.

సారె తిప్పేది కరెంటు. మనం చేయాల్సిందల్లా ముద్దని మధ్యకు తేవడం. తిరిగే పళ్లెం మీద మట్టి తన మధ్య ఎక్కడో తను చూసుకుంటుంది, అది పళ్లెం మధ్యతో కలవదు, ముద్ద చేతుల్ని ఎడాపెడా తోస్తుంది. దాన్ని బలంతో ఆపబోతే ఇంకా తోస్తుంది. "చేతులతో కాదు, మోచేతులతో చేయండి" అనేది మా టీచరు. మోచేతుల్ని తొడలకు ఆనించి, ఒళ్లంతా రాయిలా బిగించి, అరచేతుల్ని ఒక చోట ఉంచేస్తే చాలు, మట్టే వచ్చి ఆ చోటుకి సర్దుకుంటుంది. మూడు గంటల్లో ఒక్కసారి సర్దుకుంది. ముద్ద తిరుగుతున్నా కదలనట్టు కనిపించింది. ఆ సంబరంలో బొటనవేలు లోతుగా దించాను, అడుగు తెగి పళ్లెం బయటపడింది.

నాలుగో వారం ఇంటిపని ఇచ్చారు. ఎవరి ఊరి మట్టి వాళ్లు రెండు కిలోలు తేవాలి, చిన్న పలకలు చేసి కాల్చి చూద్దాం అని. మాది బాపట్ల వైపు ఇసక నేల. దాన్ని తెస్తే బట్టీ దాకా పోకముందే పలక ఆశ వదులుకోవాలి. అందుకని మా ఇంటి కప్పు ఎక్కడి మట్టో అక్కడికి బయల్దేరాను. మా చిన్నప్పటి ఇల్లు బెంగుళూరు పెంకుల ఇల్లు. ఆ పేరు మా వైపు అందరూ వాడేదే. కానీ బెంగుళూరులో పదకొండేళ్లు ఉన్నా నేను అక్కడ ఒక్క పెంకుల బట్టీ చూడలేదు. అడిగితే అందరూ చెయ్యి తూర్పుకి చాపి మాలూరు అంటారు.

మాలూరులో దిగేసరికి తొమ్మిది కావొస్తోంది. కోలారు జిల్లాలో బెంగుళూరుకి దగ్గరగా ఉండే తాలూకా ఇది. మాస్తి వెంకటేశ అయ్యంగారి మాస్తి కూడా ఈ తాలూకాలోని ఊరే. ఇంట్లో తమిళం, రాతలో కన్నడం, వీధిలో తెలుగు అనేది ఈ జిల్లాలో ఎవరికీ వింత కాదు. ఆటో ఆయన నాతో తెలుగులో బేరమాడి, ఫోనులో కన్నడంలో మాట్లాడి, అడ్డమొచ్చిన లారీ డ్రైవరుని తమిళంలో తిట్టాడు.

పెంకులు, ఇటుకలు చేసే చోట్లు ఊరి చుట్టూ ఉన్నాయి. కొన్ని పొగగొట్టాలు పొగ లేకుండా నిలబడి ఉన్నాయి. నేను వెళ్లిన చోట ఆదివారం కాబట్టి మర ఆగి ఉంది. కాపలా పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. విసుక్కోకుండా అంతా తిప్పి చూపించాడు. మట్టిని ముందు మరలో వేసి పిసుకుతారు. నేను రెండు గంటల్లో చేయలేనిదాన్ని ఆ ఇనుప రెక్కలు నిమిషాల్లో చేస్తాయి. పలకల్లా కోసి, అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారు. నీడలో చెక్క అరల మీద ఆరబెడతారు. ఎండలో పెడితే అంచులు ముందు ఆరి, మధ్య తడిగా ఉండి, పెంకు అప్పడంలా లేస్తుందట. మా టీచరు కప్పుల మీద పాలిథిన్ కప్పేది కూడా ఇందుకే.

ఒక పెంకు తీసి వేలి కణుపుతో కొట్టాడాయన. టంగుమంది. ఇంకొకటి కొట్టాడు. డబ్ మంది. దాన్ని పక్కన పడేశాడు. చూపుకి రెండూ ఒకటే. కళ్లకి కనపడని పగులు చెవికి దొరుకుతుంది. సంతలో కుండ కొనే ప్రతి అమ్మమ్మకీ తెలిసిన పరీక్షే ఇది, స్టూడియోలో దాన్ని మాకు ఐదో పాఠంగా చెప్పారు.

ఈ పెంకు పుట్టింది ఇక్కడ కాదు, మంగుళూరులో. బాసెల్ మిషన్ తరఫున వచ్చిన జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ 1865లో నేత్రావతి ఒడ్డు మట్టితో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఒక పెంకు గాడిలో ఇంకో పెంకు అంచు కూచునే ఈ పద్ధతితో కప్పు తేలికైంది, కోతులు పీకినా తొందరగా ఊడదు. మట్టి బాగున్న ఊళ్లన్నీ ఆ అచ్చు అందుకున్నాయి. మంగుళూరు పెంకు మా ఊరొచ్చేసరికి బెంగుళూరు పెంకు ఎలా అయిందో మరి. రెండూ దూరమే కదా అని మావాళ్లు దగ్గరి పేరు పెట్టేసుకుని ఉంటారు.

మట్టి ఎక్కడిదని అడిగాను. "చెరువుది సార్. ఇప్పుడు చెరువు నిండిపోయిండాది. మన్ను తీసేది యాడ?" అన్నాడు. కోలారు చెరువులు ఏళ్లకేళ్లు ఎండి ఉండేవి. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోరమంగల, చల్లఘట్ట లోయ నుంచి గొట్టాల్లో ఇక్కడికి పంపుతున్నారు. బెంగుళూరు స్నానాలగదిలో నేను వదిలిన నీళ్లు కూడా అందులో ఎంతో కొంత ఉంటాయి. రైతుకి బోరులో నీరు పైకొచ్చింది. మట్టి కావాల్సినవాడు గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తున్నాడు. పెద్దాయన నవ్వుతూ, షెడ్డు మూల కుప్పలోంచి నాకు రెండు కిలోల ముద్ద తీసి సంచిలో వేశాడు. డబ్బు పుచ్చుకోలేదు. నల్లగా, చల్లగా, చేపల వాసనతో ఉంది అది.

బంగారపేటలో పానీపూరీ తినకుండా పోకూడదంటారు. ఇక్కడి పానీ పచ్చగా ఉండదు, మంచినీళ్లలా తేటగా ఉంటుంది. ఏమీ లేదనుకుని తాగితే ముక్కులోంచి నీళ్లొస్తాయి. ఒకప్పుడు ఈ ఊరి పేరు బౌరింగ్‌పేట, మైసూరు కమిషనరుగా చేసిన లెవిన్ బౌరింగ్ పేరు మీద. దొర పేరు తీసి బంగారం పెట్టుకున్నారు. రెంటిలో ఏదీ ఇప్పుడు ఊళ్లో లేదు.

రైల్లో ఆయన చెప్పిన పల్లెకి మధ్యాహ్నం చేరాను. ఆయన వదిన పంచలో కూచుని కుండని కొడుతోంది. కుండ ఒళ్లో ఉంది. ఎడమచేతిలో గుండ్రటి రాయి కుండ లోపల, కుడిచేతిలో చెక్క తట్టు బయట. ఠప్ ఠప్ ఠప్ అని ఒకే లయ. ప్రతి దెబ్బకీ కుండ వేలెడు తిరుగుతోంది. నన్ను చూసి లయ ఆపకుండానే "రండి సార్, మరిది చెప్పినాడు" అంది.

సారె మీద ఆమె భర్త అప్పుడే ఒకటి దించాడు. చూసి ఆశ్చర్యపోయాను. గోడలు లావు, అడుగే లేదు. మెడ మాత్రం నున్నగా, ఖచ్చితంగా ఉంది. నేను రెండువారాలుగా పడ్డ తిప్పలన్నీ గోడని సారె మీదే పల్చగా లాగడానికి. వాళ్లకి ఆ తిప్పలే లేవు. సారె మీద మూతి, మెడ తీర్చి, కింద భాగం మందంగా వదిలేసి తీసేస్తారు. కొంచెం ఆరి తోలులా గట్టిపడ్డాక కొట్టి కొట్టి ఆ మందాన్నే సాగదీసి, పొట్ట ఉబ్బించి, అడుగు మూసేస్తారు. "సారె మీద పుట్టేది సగమే సార్. మిగతా సగం నా చేతిలో" అంది ఆమె. ఆ ఇంట్లో సారె మగవాళ్లది, కొట్టుడు ఆడవాళ్లది. సారె మనిషికే కుమ్మరి అని పేరు.

ఆ చప్పుడు వింటుంటే కుమ్మర గుండయ్య గుర్తొచ్చాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ఉన్నాడాయన, హరిహరుడి కన్నడ రగళెల్లోనూ ఉన్నాడు. కుండ వాయిస్తుంటే శివుడు వచ్చి ఆడాడని కథ. చిన్నప్పుడు అది కుండని ఘటంలా వాయించడం అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, ఆయన కచేరీ ఏమీ చేసి ఉండడు. అడుగు మూస్తూ ఉండి ఉంటాడు. రోజూ చేసే పనిలోనే ఆ లయ ఉంది.

నన్ను సారె ముందు కూచోమన్నారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వాళ్లు దేశమంతా పంచుతున్నవాటి లాంటి కరెంటు సారె అది, మా స్టూడియోలో దానికంటే చప్పుడెక్కువ. పెద్ద ముద్ద పెట్టారు. పైభాగంలో కాస్తే మధ్యకు తెచ్చి, ఆ కాస్తతోనే చేసి కోసేసుకోవాలట. కింద ముద్ద ఎలా ఊగినా వాళ్లకి పట్టదు. మోచేతులు ఆనించుకుని, ఒళ్లు బిగించి, నానా హంగామా చేసి ఒక ప్రమిద తీశాను. ఆయన చూశాడు. "నూనె నిలస్తాది" అన్నాడు. అది మెచ్చుకోలా కాదా అని ఇంకా తేల్చుకోలేదు. నేను చేసినంతసేపట్లో ఆయన పదిహేను చేస్తాడని లెక్క కట్టి ఆమె నవ్వింది. ఒక్కో ప్రమిద ఎంతకి అమ్ముతారో విన్నాక, రైల్లో ఆయన హెచ్చరిక గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఏం అమ్ముడవుతాయని అడిగాను. దీపావళికి, కార్తీకానికి ప్రమిదలు. వేసవిలో నీళ్ల కుండలు. పెళ్లిళ్లకి మేం ఐరేని కుండలనేవి. తందూరి పొయ్యిలు ఒక హోటలు వాళ్లు చేయించుకుంటున్నారు. వండుకునే కుండలు? "మా ఇంట్లోనే కుక్కరు సార్" అంది. దాంట్లో ఆమెకేమీ దిగులు కనిపించలేదు. నాకెందుకు కనిపించాలనిపించిందో తెలీదు.

బంగారపేట నుంచి కోలారు బంగారు గనులకి పోయే రైలుదారి చిన్నది. కోరమండల్, ఊరిగాం, చాంపియన్, మారికుప్పం. గనుల కోసం వేసిన స్టేషన్లు, ఇప్పుడు బెంగుళూరులో పనికి పోయేవాళ్లతో తెల్లవారుజామున నిండుతాయి. దారిలో కరెంటు స్తంభాల మీద పింగాణీ గిన్నెల దొంతరలు చూస్తూ కూచున్నాను. కోర్సులో చేరకముందు అవి కుండలవాడి పని అని తోచనే లేదు. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీటితో తీసిన కరెంటు దాదాపు నూట యాభై కిలోమీటర్లు నడిచి ముందుగా వచ్చింది ఈ గనులకే. బెంగుళూరు వీధులకి తర్వాత.

ఊరిని చూసేముందే దిబ్బలు కనిపిస్తాయి. సైనైడు దిబ్బలంటారు. బూడిద రంగులో, వాన కోసిన చారలతో, చెట్టూ చేమా లేకుండా కొండల్లా ఉంటాయి. సినిమాల్లో చూసినవాళ్లు వచ్చి రోడ్డు మీద నుంచి ఫొటోలు తీసుకుంటున్నారు. జాన్ టేలర్ కంపెనీ 1880లో వచ్చినప్పటి నుంచి, 2001లో గనులు ఆగిపోయేదాకా, సుమారు ఎనిమిది వందల టన్నుల బంగారం ఇక్కడ పైకొచ్చింది. దాని కోసం పిండి చేసిన రాయే ఈ దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైగా. మంచి రోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములు దొరికిందట. చివరికొచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంత. రాతిని మరల్లో మెత్తగా దంచి, సైనైడు నీళ్లలో కలిపితే బంగారం కరిగి నీళ్లలోకి వస్తుంది. మిగిలిన బురదని బయట పోశారు. గ్లాస్గోలో 1887లో కనిపెట్టిన పద్ధతి ఇది.

పాపం, నా కళ్లకి అది మట్టిలానే కనిపించింది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. ఒక కిలో తీసుకుందామని ముందే టీచరుని అడిగాను. వద్దంది. దిబ్బ మీదికి ఎటూ పోనివ్వరు, పైగా ఏమున్నాయో తెలియని గని పిండిని బట్టీలో పెడితే ఆ పొగ పీల్చేది మనమే అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఎంత మెత్తగా దంచినా రాయి రాయే. బంకమన్నులో రేణువులు పలకల్లా ఉంటాయి, పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారతాయి, మధ్యన నీటి పొర ఉంటే అంటుకుని నిలబడతాయి. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ లక్షల ఏళ్లు వానకి నాని నాని ఆ పలకలు తయారవుతాయి. మరలో దంచితే వచ్చేవి పలుకులు, పలకలు రావు. తడిపి గుప్పిట పడితే ముద్దవుతుంది, విప్పితే రాలిపోతుంది. మాలూరు చెరువులో ఉత్తినే పడి ఉన్న నల్ల బురదకి ఉన్న గుణం ఈ దిబ్బల్లో ఒక్క చెంచాకీ లేదు.

గాలి వీచే నెలల్లో ఈ పొడి ఊరి మీదికి లేస్తుంది. స్టూడియోలో మాకు మొదటిరోజే చెప్పిన నియమం: చీపురు ముట్టుకోవద్దు. ఎండిన మట్టిని ఊడ్చితే లేచే పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. తడి స్పాంజితో తుడవాలి. నేనప్పుడు అది బెంగుళూరు వాళ్ల అతిజాగ్రత్త అనుకున్నాను. మన దేశంలో సిలికోసిస్ అనే జబ్బుని మొట్టమొదట నమోదు చేసింది 1934లో, ఈ కోలారు గనుల్లోనే అని తర్వాత చదివాను. ఇక్కడ బంగారం ఉన్నది తెల్లటి పలుగురాతి చారల్లో. దాన్ని తొలిచినవాళ్లందరూ ఆ పొడినే పీల్చారు. గనుల్లోనూ విరుగుడు నీళ్లే అయింది. డ్రిల్లు మొనలోంచి నీళ్లు పోస్తూ తొలవడం వచ్చింది, వచ్చేలోపల చాలామంది పోయారు.

ఆ పలుగురాయి మా బట్టీలోనూ ఉంటుంది. కప్పు మట్టిలో దంచి కలిపిన పలుగురాయి 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి స్ఫటికం రూపు మార్చుకుని కొంచెం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే మా టీచరు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ అంకె దగ్గర బట్టీని నెమ్మదిగా నడుపుతుంది. తొందరపడి మూత తెరిస్తే కప్పులు టప్పుమంటాయి. బ్రిటిషువాళ్లు రాకముందు ఇక్కడ బంగారం తవ్వినవాళ్లకి ఈ సంగతి అంకె లేకుండానే తెలుసు. రాతికి మంటపెట్టి, కాగాక నీళ్లు కొట్టి, పగిలిన ముక్కల్ని తట్టల్లో చేతులు మార్చుకుంటూ పైకి పంపేవారు. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి వచ్చినప్పుడు ఊరిగాం, మారికుప్పం జనం మట్టి కడిగి అతని కళ్ల ముందే బంగారం రేణువులు చూపించారు. ఆయన రాసింది చదివే, డెబ్బై ఏళ్ల తర్వాత లావెల్ అనే మాజీ సైనికుడు ఎడ్లబండిలో వచ్చి, 1873లో తవ్వకానికి అనుమతి ఇమ్మని మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. పగలకూడదని మేం ఎంత భయపడతామో, పగలాలని వాళ్లు అంత మంట పెట్టారు.

రాత్రికి గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఉండిపోయాను. సోమవారం పొద్దున టీకొట్టు దగ్గర నా సంచీ చిరిగి మాలూరు మట్టి కారింది. దాంతో పదిమందికీ నా కోర్సు కథ చెప్పాల్సొచ్చింది. వాళ్లలో ఒక పెద్దాయన గనిలో బంగారం పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ల తాత పలమనేరు వైపు నుంచి గని పనికొచ్చాడట. "కుండలా? రాండి, ఒకటి చూపిస్తా" అని ఇంటికి తీసుకుపోయాడు.

చుట్టూ అదే వరసలో ఉన్న చిన్న చిన్న ఇళ్లలో ఒకటి. బీరువా పైనుంచి మిఠాయి డబ్బా దించి, దాంట్లోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు. బూడిద తెలుపు రంగులో చిన్న కప్పు. రెండు వేళ్ల ఎత్తు లేదు. గోడ లావు, లోపల గుంట తక్కువ. నాలుగు వారాల అలవాటుతో తిప్పి అడుగు చూశాను. అంచు చెక్కలేదు, పేరు లేదు. గ్లేజు లేదు. గోరు పెడితే గీత పడేంత మెత్తన.

"దీంట్లో ఎవురూ కాఫీ తాగలేదు సార్" అన్నాడు నవ్వుతూ. "ఇది కుపెల్."

లోపలికి కేకేసి టీ తెమ్మని, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. గనిలోంచి వచ్చిన రాతిలో బంగారం ఎంతుందో కంటికి తెలీదు. రాతిపిండిని తూచి, సీసం భస్మం, టంకణం, సోడా కలిపి మట్టిమూసలో కరిగిస్తారు. రాయి గాజులా పైకి తేలుతుంది. కరిగిన సీసం బంగారాన్నీ వెండినీ ఏరుకుని అడుక్కి దిగుతుంది. ఆ సీసపు బిళ్లని ఈ కప్పులో పెట్టి మళ్లీ కొలిమిలోకి. ఇలాంటి కప్పుల్ని ఎముకల బూడిదతో చేస్తారు, మాగ్నెసైటుతో చేసేవీ ఉంటాయి. వేడికి సీసం మళ్లీ భస్మంగా మారుతూ కరుగుతుంది, కప్పు దాన్ని దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీల్చేసుకుంటుంది. బంగారాన్నీ వెండినీ పీల్చదు. చివర సీసమంతా పోయే క్షణంలో పూస తళుక్కుమంటుంది. "ఆ తళుకు కోసమే కాసుకోని ఉంటాం. కండ్లు పోతాయి అంటారు గానీ, చూడకుండా ఉండలేం." గసగసం గింజంత పూస. దాన్ని తూచి, నత్రికామ్లంలో వెండిని కరిగించి, మళ్లీ తూస్తే టన్నుకి ఎంత బంగారమో అంకె వస్తుంది. ఏ సొరంగం ముందుకి తవ్వాలి, ఏది వదిలేయాలి అన్నది ఆ అంకె మీద ఉండేది.

కప్పు సంగతి అడిగాను. "సీసం తాగేసినాక ఇంక దాంతో పనేముంది? పారేస్తిమి. రోజుకి ఎన్నో. ఇది వాడకుండా మిగిలిపోయింది, మనవరాలు ఆడుకుంటాదని తెస్తి. ఆ పిల్ల ఆడలేదు."

నేను దాన్ని కిందపెట్టలేక చేతిలోనే ఉంచుకున్నాను. మూస అనే మాట నేను రోజూ వాడతాను. మూస కథ, మూస సినిమా అని తీసిపారేయడానికి. అది అచ్చు కంటే ముందు బంగారం కరిగించే మట్టిపాత్ర అని నిఘంటువులో చదివే ఉంటాను, చేతిలోకి ఎప్పుడూ రాలేదు. పుటం పెట్టడం అన్నా అంతే. పుటానికి ఒక పాత్ర కావాలని ఎవరు ఆలోచిస్తాం? ఈ ఊరి బంగారం గురించి పుస్తకాలు, సినిమాలు, లెక్కలు చాలా ఉన్నాయి. ఒక్కో బిళ్లకి ఎన్ని మూసలు పగిలాయో, ఎన్ని కుపెల్లు చెత్తలో పడ్డాయో ఎక్కడా కనపడలేదు. సీసం తాగిన కప్పులు ఎక్కడ పోసేవారని అడగబోయి, టీ రావడంతో మరిచిపోయాను.

తర్వాతి రెండు శనివారాలు మాలూరు మట్టితోనే గడిచాయి. నానబెట్టి, గుడ్డలో వడకట్టి, గచ్చు మీద ఆరబోసి, పిసికి, పలకలు కోశాను. ప్రతి పలక మీద పది సెంటీమీటర్ల గీత గీశాను, ఎంత కుంచించుకుంటుందో చూడడానికి. వెయ్యి డిగ్రీల కాల్పు నుంచి బయటికొచ్చిన పలక అచ్చం మా ఇంటి పెంకు రంగు. గీత తొమ్మిది దగ్గరికి దిగింది. కణుపుతో కొట్టాను, టంగుమంది. అంతవరకు బాగుంది.

స్టూడియోలో కప్పులు కాల్చేది 1220 డిగ్రీల దగ్గర. చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ, అంత వేడికి నిలవదేమో అని టీచరుకి అనుమానం. కరిగి అరమీద కారితే ఆ అర పనికిరాదు, దాని ఖరీదు మా అందరి ఫీజు. అందుకని పలక కింద పెట్టడానికి ఒక సాసరు చేయమంది. స్టూడియో మట్టి మిగులు ముద్దల్ని కలిపి, అందంతో పనిలేదు కదా అని, లావుగా, గోడ పొట్టిగా చేసి ఇచ్చాను. నా దృష్టంతా కోర్సు చివర ఇంటికి పట్టుకెళ్లాల్సిన కాఫీ కప్పు మీద ఉంది. పిడి అతికించడానికే ఒక పూట పట్టింది, దానికి నీలం గ్లేజు వేశాను.

కోర్సు ముగిశాక బట్టీ తెరిచారు. నా కప్పు పిడి మొదట్లో జుట్టంత సన్నటి పగులు, పెదవి దాకా. కణుపుతో కొట్టాను. డబ్ మంది. మాలూరు పలక పలకలా లేదు. నల్లగా, బెల్లం పాకంలా, బుడగలు బుడగలుగా కరిగి సాసరులో మడుగు కట్టింది. అర మీద ఒక్క చుక్క పడలేదు. సాసరు వంగలేదు, పగల్లేదు.

టీచరు దాన్ని పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెవరు చేశారు?"

నేనే అన్నాను.

"వచ్చే బ్యాచ్‌కి ఇలాంటివి ఇంకో పది కావాలి. చేసిపెడతారా?"

ఏప్రన్ మళ్లీ కట్టుకుని మిగులు మట్టి డబ్బా ముందుకి లాక్కున్నాను.